మడ్గార్డు మీద నా చోటు

ఆళ్లగడ్డలో మా పెరట్లో బీర తీగ పాకిన పందిరి ఒకటుంది. లావు ఇనుప పైపులు రెండు, వాటి మీద వంపు తిరిగిన అడ్డపైపు, నీలం రంగు, ఆ నీలం మీద పసుపు పచ్చ పువ్వులు. ఇంటికి వచ్చినవాళ్లు ఇంత గట్టి పందిరి యాడ కొన్నారని అడుగుతారు. మా ఆయన ఆ ప్రశ్న కోసమే కాచుకుని ఉంటాడు. "మా టీచరమ్మ నా పానం కాపాడేకి చేయించిందిలే" అని చెప్పి, కుర్చీలో వెనక్కి వాలి నవ్వుతాడు. నేను వంటింట్లోకి వెళ్లి గిన్నెలు కాస్త గట్టిగానే చప్పుడు చేస్తాను.

నవ్వనివ్వండి. తప్పు నాదే. నాకు కోపం వచ్చినప్పుడు ఆలోచన తరవాత వస్తుంది, పని ముందు జరిగిపోతుంది. చిన్నప్పటి నుంచీ అంతే.

నేను బడి పంతులమ్మని. మా ఆయనది కాలువ కింద వరి సేద్యం. మా పొలం రుద్రవరం దారిలో ఉంది. పెళ్లయిన ఏడాదే ఆయన ఒక పాత ట్రాక్టరు కొన్నాడు. ఆ మరుసటి ఏడు నాకు ఆ దారిలోనే ఉన్న పల్లెకు బదిలీ అయింది. పొద్దున బస్సు నమ్ముకుంటే ప్రార్థన అయిపోయాక చేరేదాన్ని. "నేను పోయేది ఆ దారినే కదా, కూర్చో" అన్నాడు. ఎడమ వైపు మడ్గార్డు మీద గోనెసంచి మడిచి వేసి, దాని మీద తన కొత్త తువ్వాలు పరిచాడు. గంజి పెట్టిన చీర, చేతిలో గొడుగు, ఒళ్లో అన్నం క్యారియరు. అలాగే వెళ్లి బడి ముందు దిగాను. పిల్లలు మొదటి రోజే నాకు ట్రాక్టరు మేడం అని పేరు పెట్టారు.

మా ప్రాంతంలో మడ్గార్డు మీద కూర్చోని ఆడమనిషి ఉండదు. కలుపుకు పోయే కూలీలు కూర్చుంటారు, ఆస్పత్రికి పోయే ముసలివాళ్లు కూర్చుంటారు, కొత్త పెళ్లికూతురు కూడా కూర్చుంటుంది. నా సంగతి చెప్పాలంటే, మా కాపురంలో సగం మాటలు ఆ మడ్గార్డు మీదే జరిగాయి. ఇంట్లో అత్తమామలు ఉండేవారు, మాట పెగిలేది కాదు. ఇంజను మోతలో ఎంత గట్టిగా అరిచినా మూడో మనిషికి వినపడదు. పిల్లవాడి చదువు, మా చెల్లెలి పెళ్లి, చర్చికి కొత్త కప్పు, ఆయన చుట్ట మానడం, అన్నీ అక్కడే తేలాయి. పోట్లాడుకున్న రోజు నేను ముఖం అటు తిప్పుకుని కూర్చునేదాన్ని. గుంత వచ్చినప్పుడు మాత్రం ఆయన ఎడమ చేయి స్టీరింగు వదిలి నా మోచేతిని పట్టుకునేది. ముఖం చూసేవాడు కాదు, చేయి మాత్రం తప్పేది కాదు. అలా ఇరవై ఏళ్లు గడిచాయి.

మా బడిలో ఏడో తరగతి పిల్ల తండ్రి పోయిన ఏడాది చనిపోయాడు. వరి మడిలో నాట్లకు దమ్ము చేస్తుంటే ట్రాక్టరు వెనక చక్రాలు బురదలో దిగబడ్డాయి. ఇక్కడ అందరూ చేసే పనే ఆయనా చేశాడు. చక్రాలకు అడ్డంగా ఒక మొద్దు కట్టి, గేరు వేసి, క్లచ్చు వదిలాడు. చక్రం మొద్దును ఎక్కి బయటికి వస్తుందని లెక్క. ఆ రోజు చక్రం కదల్లేదు. కదలని చక్రం చుట్టూ బండే లేచి, ముందు భాగం ఆకాశానికి ఎత్తుకుని, వెనక్కి తిరగబడి ఆయన మీద పడింది. పక్క మడిలో వాళ్లు పరుగెత్తి వచ్చేలోపే అంతా అయిపోయింది.

నేను వాళ్ల ఇంటికి వెళ్లాను. ఆ పిల్ల నన్ను చూసి లేచి నిలబడి, పరీక్షలు ఎప్పుడు టీచర్ అని అడిగింది. మా ఆయన మొద్దు కట్టి బండిని బురదలోంచి లాగడం నేను కళ్లారా చూశాను. గట్టు మీద నిలబడి ఎంత తెలివి మా ఆయనకు అని మురిసిపోయాను కూడా. ఆ మురిపెం గుర్తొచ్చి నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆ సాయంత్రమే ఇంట్లో పంచాయితీ పెట్టాను. బండి తిరగబడినా మనిషి నలగకుండా సీటు వెనక ఇనుప ఫ్రేము ఉంటుందట, కొత్త బండ్లకు వస్తుందట, మన దానికీ పెట్టించమన్నాను. ఆయన ముద్ద కలుపుకుంటూ, ఇన్నేళ్లు తోలినా, నాకేం కాలేదు కదా అన్నాడు. ఆ చచ్చిపోయినాయన కూడా ఆ పొద్దున అదే అనుకుని ఉంటాడని అన్నాను. ముద్ద నోటి దగ్గరే ఆగింది. పైన టాపు ఉండాది కదా అని గొణిగాడు. ఆ టాపు ఎండకే గానీ బండి బరువుకు కాదని చెప్పి, చెయ్యి కడుక్కుని లేచాను. తరవాతి పది రోజులు పెట్టిస్తాలే పెట్టిస్తాలే అన్నాడే తప్ప కాలు కదపలేదు.

పదకొండో రోజు ఆయన బనగానపల్లెలో బంధువుల పెళ్లికి వెళ్లాడు. నేను బడికి సెలవు పెట్టి, పక్కింటి డ్రైవరుతో బండి తోలించుకుని వెల్డింగు భాయ్ షెడ్డుకు వెళ్లాను.

భాయ్ మా ఊళ్లో ట్రాలీలు, గేట్లు, ట్రాక్టరు టాపులు చేస్తాడు. నాకంటే పదేళ్లు పెద్ద, అయినా అక్కా అనే పిలుస్తాడు. మా ఇంట్లో ఆయన చెయ్యి పడని ఇనుప వస్తువు లేదు. షెడ్డు నేల మీద చాక్‌పీసుతో ఫ్రేము బొమ్మ గీసి, ఎత్తు, వెడల్పు, వంపు అన్నీ పాఠం చెప్పినట్టు చెప్పాను. ఆయన తల ఊపాడు. రెండు రోజులు నమాజుకు తప్ప షెడ్డు దాటలేదు. పైపు వంచాడు, అతికాడు, కాళ్లను సరాసరి వెనక ఇరుసు పెట్టె మీదనే పెట్టి చుట్టూ దట్టంగా వెల్డింగు చేశాడు. "ఏనుగు ఎక్కినా ఇరగదక్కా" అన్నాడు. పువ్వులు నేను అడగలేదు, ఆయన ముచ్చట.

మా ఆయన పెళ్లి నుంచి వచ్చేసరికి బండి ఇంటి ముందు నీలంగా మెరుస్తోంది. వీధి వీధంతా వచ్చి చూసింది. పాస్టరుగారు స్తంభం మీద చెయ్యి వేసి ప్రార్థన చేశారు. భాయ్ తన వంతుగా రెండు అగరొత్తులు వెలిగించి మడ్గార్డు సందులో గుచ్చాడు. మా ఆయన చుట్టూ తిరిగి చూసి, బాగుండాదే అన్నాడు. ఆ ఒక్క మాటకు నేను వారం రోజులు నేల మీద నడవలేదు.

ఆ తరవాతి ఆదివారం ప్రార్థన కాగానే సర్వీసింగుకని నంద్యాల వెళ్లాం. నేను నా మడ్గార్డు మీద దొరసానిలా కూర్చుని వెళ్లాను. అక్కడి మెకానిక్కు సన్నటి మనిషి, కళ్లజోడుకు దారం కట్టుకుని ఉన్నాడు. ఫ్రేమును కిందినుంచి పైదాకా చూసి, స్పానరుతో ఒక్కటి కొట్టాడు. కుళాయి గొట్టం మోగినట్టు మోగింది. ఆయన నా వైపు తిరిగి అడిగాడు:

"దీని మీద బట్టలు ఆరేస్తాండారా మేడం?"

జీవితమంతా ఇతరులను ప్రశ్నలు అడిగినదాన్ని. ఆ ప్రశ్నకు నేనే బడిపిల్లలా మడ్గార్డు దిగి నిలబడ్డాను.

ఆయన ఓపికగానే చెప్పాడు. బండి పడితే ఈ పైపు కొబ్బరి మట్టలా మడుచుకుపోతుంది. అంతకంటే పెద్ద తప్పు కింద ఉంది, ఇరుసు పెట్టె మీద వెల్డింగు చేస్తే ఆ వేడికి దాని సత్తువ పోతుంది, ఎప్పుడో ఒక రోజు అక్కడే పగులుతుంది. దానికి బెజ్జాలు కూడా వేయకూడదు. బండి మోడలుకు తగ్గట్టు, బరువు వేసి పరీక్ష చేసిన ఫ్రేములు వేరే ఉంటాయి, వాటి బోల్టులు, బెల్టు వాటితోనే వస్తాయి. తెప్పించాలంటే వారాలు పడుతుంది. అంతవరకు మొద్దు జోలికి పోకండి, దిగబడితే ఇంకో బండితో వెనక్కి లాగించుకోండి అన్నాడు.

ఆళ్లగడ్డ దాకా మా ఆయన నోరు మూయలేదు. దారి పొడవునా ఆరేసిన బట్టల పేర్లు చెబుతూనే వచ్చాడు, తన పంచలు, నా చీరలు, పాస్టరుగారి తెల్ల అంగీ. దిగగానే నేరుగా భాయ్ షెడ్డుకు పోయి కడిగేశాను. ఆయన ముఖానికి అడ్డం పెట్టుకున్న నల్లద్దం తీసి, నా కోపం అయిపోయేదాకా విన్నాడు. "నాకు తెల్దక్కా. నువ్వు చెయ్యమన్నావ్, చేసినా. తెల్సునా అని అడిగింటే తెల్దనే చెప్పింటా" అన్నాడు. నిజమే. నేను అడగలేదు. గీసి చూపించాను అంతే. ఆయనకు క్షమాపణ చెప్పడానికి నాకు నాలుగు రోజులు పట్టింది, అదీ ఒక గిన్నె పాయసం చేతికిచ్చి.

ఫ్రేమును భాయ్ తన చేతులతోనే కోసి తీశాడు. పువ్వుల పెయింటు చెడకుండా పాత గోనెలో చుట్టి తెచ్చి మా పెరట్లో పాతాడు. ఆ వానకాలం బీరకాయలు విరగకాశాయి, మొదటి తట్ట ఆయన ఇంటికే పంపాను.

అసలు ఫ్రేము రెండు నెలలకు వచ్చింది. బిగించే రోజు భాయ్ షెడ్డుకు తాళం వేసి, పిలవకుండానే మాతో నంద్యాల వచ్చాడు. మెకానిక్కు బండిని వారం ముందే తన దగ్గర పెట్టుకుని, వెల్డింగు పడిన ఇరుసు పెట్టెను మార్చి ఉంచాడు. చక్రాలకు ముందూ వెనకా కట్టెలు పెట్టాడు, ఇరుసు మీద మట్టీ గ్రీజూ గీకి శుభ్రంగా తుడిచాడు. తలా ఒక చెయ్యి వేసి ఫ్రేము ఎత్తుదామని మా ఆయన, భాయ్ చొక్కా చేతులు మడిచారు. మెకానిక్కు ఇద్దర్నీ పక్కకు నెట్టి, గొలుసు కప్పీతో మెల్లగా ఎత్తి దించాడు. కింద వేలు పెడితే వేలు ఉండదన్నాడు. పాత బోల్టు ఒకటి బాగానే ఉందని మా ఆయన తీసి ఇస్తే డబ్బాలో పారేశాడు. అన్ని బోల్టులూ చేత్తో పట్టించి, తరవాత పొడుగు రెంచితో ఒక్కొక్కటీ బిగించాడు. చాలినంత బిగిస్తే ఆ రెంచి టక్ మంటుంది. టక్ మన్నాక మా ఆయన, ఇంకో చుట్టు ఎయ్యన్నా, గట్టిగుంటాది అని స్పానరుకు తొడిగే పైపు కూడా వెతికాడు. ఎక్కువ బిగిస్తే బోల్టు లోపలే సాగి, పడ్డ రోజు తెగుతుందని మెకానిక్కు కసురుకున్నాడు. పది గంటల పని అయ్యాక మళ్లీ తెచ్చి చూపించమన్నాడు. భాయ్ ఇదంతా పరీక్ష రాసే పిల్లవాడిలా కళ్లార్పకుండా చూశాడు. ఆ రోజు నుంచి ఎవరు ట్రాక్టరు ఫ్రేము చేయమని వచ్చినా, నేను చెయ్యనప్పా, నంద్యాలకు పో అని పంపిస్తాడు.

చివర బెల్టు బిగించి, మా ఆయనను కూర్చోబెట్టి, మెకానిక్కు రెండు మాటలు చెప్పాడు. బెల్టు లేకుండా ఈ ఫ్రేము ఉండి లాభం లేదు, మనిషి ఎగిరి బయట పడితే ఆ ఫ్రేమే వచ్చి మీద పడుతుంది. తలకిందులుగా వేలాడే పరిస్థితి వస్తే, కింద ఎవరైనా పట్టుకునేదాకా బెల్టు విప్పొద్దు, మెడ విరుగుతుంది. అని, మడ్గార్డు మీద మడిచి ఉన్న గోనెసంచిని తీసి నా చేతికిచ్చాడు. ఇంక దీని మీద ఎవరూ కూర్చోకూడదన్నాడు. ఫ్రేము కాపాడేది సీటులో ఉన్నవాణ్ణి ఒక్కణ్ణే.

"మరి ఈమె యాడ కూర్చోవాల?" అన్నాడు మా ఆయన.

మెకానిక్కు నవ్వాడు. మా ఆయన నవ్వలేదు. అప్పుడు అర్థమైంది నాకు, ఈ మనిషి ఇన్నాళ్లూ ఎందుకు వాయిదా వేశాడో. ఫ్రేము ఉన్న కొత్త బండి ఎక్కడో చూశాడట, సీటు ఒక్కటే, మడ్గార్డు మీద కూర్చోవద్దని బొమ్మ అంటించి ఉందట. నాకు చెబితే పోయేది కదా. చెప్పడు. మొండి ఘటం.

నేను స్కూటీ కొనుక్కున్నాను. ఆయన ముందు, నేను వెనక. కాలువ మలుపు దగ్గర ఆగి, నేను కనపడ్డాక కదిలేవాడు. నెల తరవాత ఒక రోజు బండి తుడుస్తూ చూశాను, బెల్టు కొక్కేనికి కొత్త వస్తువు మీద ఉండే పలచటి కవరు అలాగే ఉంది. నెల రోజులూ పెట్టుకుంటున్నానని ఒట్టేసి చెప్పిన మనిషి. కవరు చింపి ఆయన ఒళ్లో పడేశాను. తండ్రి పోయిన ఆ పిల్ల నన్ను పరీక్షలెప్పుడని అడిగిన సంగతి చెప్పాను. అంతవరకు ఎవరికీ చెప్పలేదు. రేపు నీకేమన్నా అయితే మన పిల్లవాడు ఎవరి ముందు నిలబడి అలా అడగాలి అన్నాను. ఏడ్చాను కూడా, దాచుకోవడం ఎందుకు.

"నువ్వు పక్కనుంటే సూసుకోని తోల్తా. ఒక్కన్నే ఉంటే బెల్టు గిల్టు ఏదీ గ్యాపకం రాదే" అన్నాడు ఆయన. తరవాత లేచి వెళ్లి, నిలబడి ఉన్న బండి ఎక్కి, నా కళ్లెదుట బెల్టు పెట్టుకున్నాడు. మరుసటి రోజు నుంచి రోజూ అలాగే, నా వైపు చూసి, కొక్కెం టక్ మనిపించి, అప్పుడు తాళం తిప్పేవాడు.

ఈ ఏడు నాట్ల కాలంలో ఒక ఆదివారం మధ్యాహ్నం అన్నం తీసుకుని పొలానికి వెళ్లాను. ముందు రోజు పెద్ద వాన. తిరిగి వద్దామంటే స్కూటీ టైరులో తుమ్మముల్లు దిగి ఉంది. దాన్ని మోటారు గది దగ్గర పెట్టి, నేను నేరుగా ట్రాక్టరు దగ్గరికి వెళ్లి మడ్గార్డు ఎక్కి కూర్చున్నాను. ఎండ చురుక్కుమంటోంది, ఊరు మూడు కిలోమీటర్లు, ఈ ఒక్క రోజుకు ఏం కాదులే అనుకున్నాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, సరిగ్గా అలాగే అనుకున్నాను.

ఆయన తాళం తిప్పలేదు.

"దిగు టీచరమ్మా."

"ఏమప్పా, ఈ ఎండలో నడిపిస్తావా నన్ను?"

"కట్ట దాటేదాకా నడువు. రోడ్డు మీద ఆటో ఎక్కిస్తా. మాట నీదే కదా, దిగు."

దిగాను. ఇరవై ఏళ్లు నా కోసం తువ్వాలు పరిచిన మనిషి నన్ను దింపేశాడని ఒళ్లు మండిపోయింది. ఖాళీ క్యారియరు ఊపుకుంటూ, కాలువ కట్ట మీద బండి వెనక యాభై అడుగుల దూరంలో నడుస్తూ, ఆయన వంశాన్నంతా మనసులో తిట్టుకుంటున్నాను. నా తిట్లు వాళ్ల నాయన దగ్గరికి వచ్చేసరికి కట్ట అంచు కూలింది.

వానకు నానిన మట్టి ఎడమ చక్రం కింద జారిపోయింది. బండి ఒక్క క్షణం ఒంటి వైపు నిలబడి, మెల్లగా, చాలా మెల్లగా అనిపించింది నాకు, ఎడమ పక్కకు ఒరిగి కిందనున్న మడిలోకి పడింది. ఫ్రేము బురదలో దిగి ఆగింది. బండి ఇంకో పొర్లు పొర్లలేదు. ఇంజను రెండు సార్లు దగ్గి ఆగిపోయింది.

ఎలా పరుగెత్తానో తెలియదు. కట్ట మీద చెప్పులు ఉండిపోయాయి. పక్క మడిలో నాట్లు వేసేవాళ్లు అరుస్తూ వస్తున్నారు. ఆయన సీటులోనే ఉన్నాడు. పక్కకు తిరిగిన బండిలో, నడుముకు బెల్టు పట్టి ఉండగా, ఫ్రేము లోపల వేలాడుతున్నాడు. తల చుట్టూ జానెడు జాగా ఉంది. ఆయన కింద ఎడమ మడ్గార్డు అట్టలా మడుచుకుని బురదలో దిగబడిపోయింది. నేను వెనకవైపు ఉన్నాను, ఆయనకు కనపడను. ఆయన తన సంగతి చూసుకోవడం లేదు. ఎడమ చేత్తో కింద బురదలో, ఆ మడ్గార్డు చుట్టూ, మోచేతి దాకా ముంచి దేవులాడుతున్నాడు. ఏమే, ఏమే అంటున్నాడు. అలాంటి గొంతు ఆయనకు ఉందని నాకు అంతవరకు తెలియదు.

"ఏమే, యాడుండావే? మాట్లాడు. యాడుండావ్?"

బురదలోకి దిగి ముందుకు వచ్చి, దేవులాడుతున్న ఆ చేతిని నా రెండు చేతులతో పట్టుకున్నాను.

"ఈడుండా. నేను ఈడనే ఉండా. బెల్టు ఇప్పొద్దు."

ఆయన తల తిప్పి నన్ను చూశాడు. నా ముఖం, కాళ్లు, మళ్లీ ముఖం చూశాడు. తరవాత నలిగిన మడ్గార్డును చూశాడు.

"నిన్ను దింపినా కదా" అన్నాడు.

"దింపినావ్" అన్నాను.

నాట్లవాళ్లు వచ్చి కింద నుంచి భుజాలు ఆనించి బెల్టు విప్పేదాకా, ఆ చేతిని నేను వదల్లేదు.